మదర్ కుర్చీలో పిరికిపిట్ట

మా చిన్నమ్మమ్మకి భయపడటం తప్ప ఇంకో విద్య రాదని మా అమ్మమ్మ తీర్పు. చెల్లెలి మీద అక్క ఇచ్చిన తీర్పు కాబట్టి దానికి అప్పీలు లేదు. చీమ చిటుక్కుమన్నా చిన్నమ్మమ్మ ఉలిక్కిపడేది. కుక్కంటే భయం. కుక్క కనపడని వీధంటే ఇంకా భయం, అది ఏ మూల నక్కి ఉందోనని. పెళ్ళంటే భయపడి కన్యాస్త్రీల మఠంలో చేరిందని ఇంట్లో అందరూ నవ్వుకునేవారు. దేవుడు పిలిచాడని ఆవిడ అనేది. పిలిచే ఉంటాడు, కాకపోతే మెల్లగా పిలిచి ఉంటాడు, గట్టిగా పిలిస్తే ఈవిడ పారిపోయేది.

"నీకేమమ్మా, అత్తపోరు లేని కాపురం చూసుకున్నావు" అని అమ్మమ్మ దెప్పింది, మంచు కురిసే కొండల్లోని ఆ మఠం గేటు దగ్గర పెట్టె చేతికిస్తూ.

అత్త లేదనుకుని వెళ్ళిన చోట అత్తలకే అత్త తగిలింది. ఆ మఠానికి పెద్ద అయిన మదర్, పొడుగ్గా, వెన్నులో ఇనపకడ్డీ దింపినట్టు నిలబడే మనిషి. సిస్టర్లు చాటుగా ఆవిడకి పెట్టుకున్న పేరు ఉరుము. ఉరుముకి ముందు మెరుపైనా కనిపిస్తుంది. ఈవిడకి ఆ మర్యాద కూడా లేదు, వెనకనుంచి వచ్చేది.

ఆ మఠంలో ఒక ఆనవాయితీ ఉండేది. భోజనాల గది పొడుగ్గా, చల్లగా, రాతి నేలతో ఉండేది. గోడల వెంట బల్లలు, చివర ఎత్తైన మదర్ కుర్చీ, దాని ముందు బల్ల మీద చిన్న చెక్క సుత్తి. భోజనమప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. ఒక సిస్టర్ నిలబడి భక్తిపుస్తకం చదువుతుంటే మిగతావాళ్ళు తలొంచుకుని తినాలి. ఎవరైనా గిన్నెగానీ గ్లాసుగానీ పగలగొడితే ఆ పెంకు చేత్తో పట్టుకుని గది మధ్యకొచ్చి మోకరిల్లాలి. కుర్చీలోని మదర్ సుత్తితో ఒక్కసారి టక్కుమని కొడితే క్షమించినట్టు. అప్పుడు లేచి వెళ్ళి తినొచ్చు. ఆ చప్పుడు వినపడేదాకా లేవకూడదు.

చిన్నమ్మమ్మ చేరిన మొదటి చలికాలంలోనే పెద్ద పింగాణీ సూపు గిన్నె పగలగొట్టింది. పగలగొట్టక ఏం చేస్తుంది, వెనక ఉరుము దగ్గింది మరి. పెంకు పట్టుకుని వెళ్ళి మోకరిల్లింది. సూపు వడ్డించారు, రొట్టె వడ్డించారు, చదువుతున్న పుస్తకంలో భక్తురాలు పుట్టింది, పెరిగింది, పోయింది కూడా. సుత్తి మాత్రం లేవలేదు. మరిచిపోయిందో, కావాలనే చేసిందో ఎవరికీ తెలియదు. చిన్నమ్మమ్మ మోకాళ్ళు ముందు నొప్పెట్టాయి, తర్వాత మొద్దుబారాయి, ఆఖరికి భయంతో అక్కడే బట్టలు తడిసిపోయాయి. రాతినేల మీద ఆ తడి మెల్లగా పాకుతుంటే ఏదో ఒక బల్ల దగ్గర ఎవరో నవ్వు ఆపుకున్న చప్పుడు వినిపించింది. అప్పుడు కొట్టింది ఉరుము, టక్.

ఆ రోజునుంచి ఆ అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, చిన్నమ్మమ్మకి పైప్రాణాలు పైనే పోయేవి.

ఏళ్ళు గడిచాయి. ఉరుము ముసలిదై పదవి దిగింది. సిస్టర్లంతా కలిసి కొత్త మదర్‌ని ఎన్నుకున్నారు. ఆవిడ వచ్చీ రాగానే పెంకుల ఆనవాయితీ ఎత్తేసింది. "దేవుడికి మన గిన్నెల లెక్కతో పనిలేదు. పగిలితే ఊడ్చెయ్యండి" అంది. చిన్నమ్మమ్మకి రోగుల గది పని అప్పగించింది.

నెత్తురు చూస్తే కళ్ళు తిరిగే మనిషికి రోగుల గదేమిటని అందరూ ముక్కున వేలేసుకున్నారు. కానీ భయపడే చెయ్యి ఎవరినీ గట్టిగా పట్టుకోదు. ఆవిడ మంచంలో పడ్డవాళ్ళ కింద పెట్టే పళ్ళేన్ని కూడా ముందు వేడినీళ్ళతో కడిగి వెచ్చబెట్టేది, ఇనుము చల్లగా తగిలితే ఎక్కడ ఉలిక్కిపడతారోనని. తను ఉలిక్కిపడే చోట్లన్నీ ఆవిడకి కంఠతా వచ్చు కదా, ఎదుటివాళ్ళకి ఆ చోట్లు తగలకుండా చూసేది.

అదే గదికి ఒక రోజు ఉరుముని తీసుకొచ్చారు. మతి తప్పుతోందన్నారు. చిన్నమ్మమ్మ ఆవిడకి స్నానం చేయించేటప్పుడు చెయ్యెత్తితే ఒకసారి, కాలెత్తితే ఒకసారి "క్షమించండి మదర్" అనేది. ఆ చూపు మాత్రం ఇంకా వెన్నులో దిగుతూనే ఉండేది. గుడ్డ తడిపి పిండేటప్పుడు కూడా వీపు అటు తిప్పేది కాదు.

ఒక ఉదయం చేతిలోంచి పాలకప్పు జారి పగిలింది. పగలగొట్టింది చిన్నమ్మమ్మ కాదు, ఉరుము. ఆవిడ కింద పెంకుల్ని చూసింది, చిన్నమ్మమ్మని చూసింది, మొహం చిన్నపిల్ల మొహంలా ముడుచుకుపోయింది.

"సిస్టర్, మదర్‌కి చెప్పకండి. నేను కొత్తగా చేరాను. ఇంటికి పంపేస్తారు."

కసురుకునే ఉరుము అంటే భయపడటం చిన్నమ్మమ్మకి అలవాటే. కానీ భయపడుతున్న ఉరుముని చూస్తే కాళ్ళకింద నేల కదిలినట్టయింది. కొండ వచ్చి గడ్డిపరక వెనక దాక్కుంటానంటే గడ్డిపరక ఏం చెయ్యాలి?

ఆవిడ జాలిపడి ఒక పని చేసింది. పింగాణీ అంతా తీసేసి పగలని రేకు కప్పులు, రేకు పళ్ళేలు తెచ్చి పెట్టింది. ఇక పగిలేదేముంది, భయపడేదేముంది అనుకుంది. అదే పెద్ద పొరపాటైంది. కప్పు కింద పడుతుంది, ఠంగుమంటుంది, పెంకు మాత్రం దొరకదు. పెంకు లేకపోతే తప్పు దాచినట్టే కదా! ఉరుము మంచం కింద వెతికింది, పరుపు విప్పి వెతికింది. ఒక రోజు చిన్నమ్మమ్మ నీళ్ళు కాచుకుని వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. తోటలో చెత్తకుప్ప పక్కన, మంచు కురిసిన నేల మీద, వట్టి కాళ్ళతో కూర్చుని గోళ్ళతో తవ్వుతోంది. చేతిలో పాత పూలకుండీ పెంకు. మొహంలో ఎంత నిశ్చింతో!

ఆ సాయంత్రానికి జ్వరం, దగ్గు. డాక్టరు వచ్చి వీపు మీద చెవి ఆనించి విన్నాడు.

"ఊపిరితిత్తుల్లో చెమ్మ చేరింది. ఇంకోసారి చలి పట్టిందంటే నా చేతుల్లో ఏమీ లేదు, సిస్టర్" అన్నాడు.

జ్వరం తగ్గింది. పెంకు మాత్రం ఆవిడ గుప్పిట్లోంచి రాలేదు. సరిగ్గా అప్పుడే కొత్త మదర్ దూరంలో ఉన్న పెద్ద మఠంలో సమావేశానికని ప్రయాణమైంది. ఆవిడ లేనప్పుడు పెత్తనం ఉపమదర్‌ది. నియమాల విషయంలో ఉపమదర్ గోడకి కొట్టిన మేకు, ఒంగదు, ఊడి రాదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల గది తలుపు తెరుచుకుంది. చదువుతున్న సిస్టర్ గొంతు ఆగిపోయింది. తెల్లటి రాత్రి గౌనులో, పెంకు రెండు చేతులా పట్టుకుని ఉరుము నడిచివచ్చింది. గది మధ్యలో రాతినేల మీద మోకరిల్లింది. మదర్ కుర్చీ వంక చూసింది. కుర్చీ ఖాళీగా ఉంది.

చిన్నమ్మమ్మ పరుగెత్తింది. "మీరేం తప్పు చెయ్యలేదు మదర్, లేవండి."

"చేశాను. పగలగొట్టాను" అంది ఉరుము, పెంకు చూపించి. "తప్పు లేదంటున్నారంటే క్షమించరన్నమాట."

ఉపమదర్ తన చోటునుంచే చెంచాతో బల్ల మీద కొట్టింది. ఉరుము తల కూడా తిప్పలేదు. చప్పుడు కుర్చీలోంచి రాలేదు మరి. కింద దుప్పటి వెయ్యబోతే తోసేసింది. ఇద్దరు కలిసి చంకల్లో చేతులేసి లేపబోయారు. అప్పుడు అరిచింది.

"ఇంటికి పంపకండి! మా నాన్న చంపేస్తాడు! నేల తుడుస్తాను, నీళ్ళు మోస్తాను, పంపకండి!"

పట్టుకున్న చేతులు వాటంతటవే వదిలేశాయి. ఒకప్పుడు ఆ గొంతు విని గజగజలాడిన గది మళ్ళీ ఆ గొంతుకే వణికింది. ఆవిడ ఒరిగి పడేదాకా ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు. పడ్డాక మోసుకెళ్ళారు. పొద్దు గుంకేసరికి దగ్గులో గరగర మొదలైంది.

"రేపు భోజనం వేళకి రోగుల గదికి తాళం వెయ్యి" అంది ఉపమదర్.

చిన్నమ్మమ్మ వేసింది. కాదనే ధైర్యం ఎక్కడిది? బయట గడియ పట్టుకుని నిలబడింది. లోపల గంట వినపడగానే ఉరుము తలుపు దగ్గరకొచ్చింది. ముందు మెల్లగా కొట్టింది, తర్వాత పెంకుతో గీకింది. "సిస్టర్, గంట కొట్టారు. ఆలస్యమైతే ఇంకో తప్పు. తియ్యండి సిస్టర్." కాసేపటికి గీకుడు చప్పుడు మారింది. చిన్నమ్మమ్మ తాళం తీసి చూస్తే గోళ్ళ చివర్లు నెత్తురోడుతున్నాయి.

ఆ చేతులకి కట్టు కట్టి, ఉరుము నిద్రపోయాక, వేడినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళింది. వంటింటి సిస్టర్ మనిషి భారీ, నోరు ఇంకా భారీ.

"ఎవరో ఒకళ్ళు ఆ కుర్చీలో కూర్చుని టక్కుమని కొట్టేస్తే పోలా?" అంది, ఉల్లిపాయ తరుగుతూ.

"అమ్మో! ఎవరు కూర్చుంటారు?"

"నేనే కూర్చుందును. నేను పట్టాలిగా అందులో! ఇరుక్కున్నానంటే కొత్త మదర్ వచ్చేదాకా నేనే మదర్‌ని. నువ్వైతే పిట్టంత ఉన్నావు."

"అలా అనకు, పాపం! ఎన్నుకోకుండా ఆ కుర్చీ ఎక్కినవాళ్ళకి ఇక్కడ చోటు లేదని ఉపమదర్ పొద్దున్నే చెప్పింది."

"చెప్పింది. ఆ దగ్గు కూడా ఏదో చెబుతోంది, విన్నావా?"

విన్నది. రోజంతా వింటూనే ఉంది. కూర్చుంటే తనని గెంటేస్తారు. పెట్టె పట్టుకుని ఏ మొహంతో అక్క గడప తొక్కాలి? కూర్చోకపోతే ఆవిడ రాతినేల మీద చచ్చిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఈ రెండు భయాల కింద ఇంకొకటుంది, దాన్ని తల్చుకోవడానికి కూడా ఆవిడ వణికేది. ఉరుము మొదటిరోజు మోకరిల్లినప్పుడు తన లోపల ఎక్కడో సన్నటి గొంతు 'ఉండనీ' అంది. 'కాసేపు ఉండనీ, తెలిసొస్తుంది.' ఆ గొంతు తనదే. అది మళ్ళీ వస్తుందేమోనని ఆవిడ ప్రార్థన కూడా పైకే చెప్పుకుంది, లోపల ఖాళీ దొరకనివ్వకుండా.

మర్నాడు చిన్నమ్మమ్మకి తాళం వెయ్యడానికి చెయ్యి రాలేదు. భోజనాల గది తలుపు మళ్ళీ తెరుచుకుంది. ఉరుము ఈసారి గోడ పట్టుకుని నడిచింది. పెదాలు నీలంగా ఉన్నాయి. మోకరిల్లేటప్పుడు ఎముక రాయికి తగిలిన చప్పుడు అన్ని బల్లలకీ వినపడింది. ఆవిడ ఖాళీ కుర్చీ వంక చూస్తూ దగ్గుతోంది, దగ్గుకీ దగ్గుకీ మధ్య ఊపిరి అందటం లేదు.

చిన్నమ్మమ్మ లేచింది. తను లేచినట్టు తనకే తెలియలేదని తర్వాత చెప్పింది. నడుస్తుంటే ఉపమదర్ చూపు చెంప మీద వేడిగా తగిలింది. కుర్చీ ఎక్కడానికి ఒక మెట్టుంది, ఆ మెట్టు మీద కాలు జారబోయింది. కూర్చుంది. చెక్క చల్లగా ఉంది. ఆవిడ కాళ్ళు నేలకి అందలేదు. బల్ల మీద ఇంకా అలాగే పడున్న సుత్తి చేతిలోకి తీసుకుంది.

అక్కడినుంచి చూస్తే మోకరిల్లిన మనిషి ఎంత చిన్నగా కనిపిస్తుందో ఆవిడకి అంతవరకూ తెలియదు. ఉరుము తలెత్తి తన వంకే చూస్తోంది. ఆ కళ్ళలో ఉన్నది తను చిన్నప్పటినుంచీ మోసిన భయమే. ఎత్తిన చెయ్యి గాల్లో ఆగిపోయింది.

దిగలేదు. అందులో ఏదో వెచ్చగా, తీయగా ఉంది. ఇప్పుడు నా చేతిలో ఉంది, నేను కొడితేనే నువ్వు లేస్తావు. తడిసిన రాతినేల, ఎవరిదో ఆపుకున్న నవ్వు, అన్నీ ఒక్కసారి గొంతులోకొచ్చాయి. ఆ తీపి నాలుకకి తగలగానే చిన్నమ్మమ్మకి పుట్టిన భయం ముందు కుక్కలూ ఉరుములూ ఉపమదర్లూ ఏ మూలకి? తన చెయ్యి తనది కానట్టు, ఎవరో ఎత్తి పట్టుకున్నట్టు అనిపించింది. కళ్ళు మూసుకుని, పాము మీద కర్ర వేసినట్టు సుత్తి దించింది.

టక్.

ఉరుము భుజాలు కిందికి జారాయి. ఇద్దరు సిస్టర్లు పట్టుకుంటే ఈసారి పెనుగులాడకుండా లేచింది. ఊరుకోకుండా కుర్చీ దగ్గరకే వచ్చింది. కట్టు కట్టిన చేతులతో పెంకు బల్ల మీద పెట్టింది.

"నాకేం శిక్ష, మదర్?"

చిన్నమ్మమ్మ జన్మలో పిల్లికి కూడా శిక్ష వేసి ఎరగదు. "వెళ్ళి సూపు తాగు" అంది. ఉరుముని నువ్వు అన్నానే అని నాలుక కరుచుకుంది. అయినా అనేసింది. "వేడిగా ఉన్నప్పుడే తాగు, తల్లీ. మంచంలో కూర్చుని తాగు."

"ఇంటికి పంపరుగా?"

"ఎక్కడికీ పంపను."

కొత్త మదర్ తిరిగొచ్చేదాకా ఇదే తంతు. రోజూ ఏదో ఒక పెంకు దొరికేది, లేకపోతే బొగ్గుముక్క. రోజూ చిన్నమ్మమ్మ ఆ మెట్టెక్కేది. ఉపమదర్ ఆవిడతో మాట మానేసింది. "మదర్ రానీ" అని మాత్రం ఒకసారి అంది. చిన్నమ్మమ్మ పెట్టె సర్ది మంచం కింద పెట్టుకుంది. గేటు దగ్గర బండి చప్పుడు వినిపించినప్పుడల్లా దాని పిడి మీద చెయ్యేసి కూర్చునేది.

మదర్ వచ్చింది. ఉపమదర్ చెప్పింది విన్నది. చిన్నమ్మమ్మని పిలిపించింది.

"కూర్చున్నావా?"

"కూర్చున్నాను మదర్. ఇంకో సంగతి కూడా ఉంది, అది ఉపమదర్‌కి తెలియదు." చిన్నమ్మమ్మ కక్కలేక మింగలేక ఆఖరికి కక్కేసింది. "మొదటిరోజు నా చెయ్యి ఆగింది. ఆవిడ అలా ఉండటం నాకు... బాగుంది మదర్."

మదర్ చేతిలోని కాగితాలు పక్కన పెట్టింది.

"ఎంతసేపు ఆగింది?"

"గుటక మింగినంతసేపు."

"నాది అంతకంటే ఎక్కువసేపు ఆగిన రోజులున్నాయి" అంది మదర్. "సుత్తే అక్కర్లేదు. ఎవరైనా సెలవడగడానికొస్తే, తల వెంటనే ఎత్తకుండా కాగితాలు చూసుకోవచ్చు." ఇక ఆ మాట అక్కడితో వదిలేసింది. "పెట్టె విప్పుకో. రేపటినుంచి నేను కొడతాను, నీకీ బాధ ఉండదు."

చిన్నమ్మమ్మకి ప్రాణం లేచొచ్చింది. అది ఒక్క పూటే. మర్నాడు మదర్ కుర్చీలో కూర్చుని సుత్తి కొట్టింది, టక్కుమని, చక్కగా. ఉరుము లేవలేదు. ఈ కొత్తావిడ ఎవరో ఆవిడకి తెలియదు. బల్లల వెంట ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చి చిన్నమ్మమ్మ దగ్గర ఆగింది. ఆవిడ వంక మోకాళ్ళమీదే తిరిగింది, రాయి మీద ఒరుసుకుంటూ.

మదర్ సుత్తి పక్కన పెట్టి కుర్చీ దిగింది. వచ్చి చిన్నమ్మమ్మ చోట్లో కూర్చుని, ఆవిడ పళ్ళెంలో ఉన్న రొట్టె తుంచుకుంది. "వెళ్ళు. సూపు చల్లారిపోతోంది" అంది నెమ్మదిగా. ఉపమదర్ కూడా తలొంచుకుని తినడం మొదలుపెట్టింది.

అమ్మమ్మ చూడటానికి వెళ్ళినప్పుడు చిన్నమ్మమ్మ ఈ సంగతంతా గుసగుసగా చెప్పింది.

"నువ్వా? కుర్చీలోనా? ఒసే, నీ కాళ్ళు నేలకి ఆనాయటే?"

"లేదక్కా. అదే మేలైంది. ఎంత వణికినా చప్పుడు రాదు."

"ఇప్పుడు భయం పోయిందా?"

"ఎక్కడ పోతుంది? రోజూ చెయ్యి ఎత్తేటప్పుడు ఆగుతుందేమోనని భయం. అందుకని ముందే ఎత్తి పెట్టుకుంటున్నా."

నిజంగానే అలా చేసేది. తలుపు కిర్రుమనగానే సుత్తి ఎత్తేది. ఉరుము గది మధ్యకొచ్చి, నడుం వంచి, మోకాళ్ళు మడవబోతుండగానే టక్కుమనిపించేది. ఉరుము సగం వంగినదల్లా ఆశ్చర్యంగా మళ్ళీ నిలబడేది. మొదట్లో నమ్మేది కాదు. నిజమేనా అన్నట్టు చూసేది. చిన్నమ్మమ్మ ఇంకోసారి కొట్టేది. చలికాలం అలా గడిచింది. దగ్గు తగ్గింది. మంచు కరిగి తోటలో బురదైంది, బురద ఎండింది. ఆ తర్వాత ఉరుము రాతినేల మీద మోకాలు ఆనించింది లేదు. చివరి రోజుల్లో నడవలేకపోతే మామూలు కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొస్తే, వచ్చేది గుమ్మందాకానే. అక్కడినుంచే చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని వినేది. విన్నాక సూపు అడిగేది.